పావులూరి మల్లన చదరంగపు సంఖ్య: ఇరవై అంకెల వెనుక అరవై నాలుగు లఘువులు

తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరొందిన ‘సారసంగ్రహ గణితము’లో పావులూరి మల్లన 18446744073709551615 అనే ఇరవై అంకెల సంఖ్యను ఒక చంపకమాల పద్యంలో నిలిపాడు. చదరంగపు పలకపై మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున, ప్రతి గడికీ దాని ముందు గడికి రెట్టింపు పెడుతూ అరవై నాలుగు గళ్లనూ నింపితే వచ్చే మొత్తం అది. రాజును గింజలు అడిగిన పండితుని కథగా ఈ లెక్క లోకంలో అందరికీ తెలుసు. మల్లన స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసం ఆ కథ జోలికి పోకుండా సంఖ్యనే ఎదుట పెట్టుకొని, అది ఏ జాతికి చెందినది, దాని కారణాంకాలు ఏవి, దాని ఇరుగుపొరుగు సంఖ్యలు ఎటువంటివి అన్న ప్రశ్నలను పరిశీలిస్తుంది. ఈ పరిశీలనలో ప్రధానంగా ప్రతిపాదించదలచినది ఒకటే: పద్యాన్ని నడిపించే గురులఘువుల లెక్కలోనే ఈ సంఖ్య తన సహజమైన రూపంతో కనిపిస్తుంది, పదుల స్థానాలలో రాసినప్పుడు ఆ రూపం మరుగున పడుతుంది.

మల్లన రచనకు మూలం మహావీరాచార్యుడు క్రీ.శ. 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని ఏలుబడిలో, సంస్కృతంలో రచించిన ‘గణిత సార సంగ్రహము’. మహావీరుడు జైనుడు. మల్లన మూలంలోని జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలను నిలిపి, ఉదాహరణలను తెలుగు పాఠకునికి తగినట్టు మార్చుకున్నాడు. కవి రాజరాజ నరేంద్రుని (1022–1061) కాలపు మల్లనే అని కొందరు, ఆ మల్లనకు మనుమడైన మరో మల్లన అని కొందరు భావించారు. ఎవరైనా సరే, గణితాన్ని పద్యంగా చెప్పడంలో ఆ కవి చూపిన నేర్పు ఒక్కటే. రాష్ట్రకూటుల నాటి జైన విద్య దక్షిణాన ఎంత దూరం వ్యాపించిందో ధర్మపురి సీమే చెబుతుంది. తగడూరు అన్న పాత పేరుతో ఉన్న నాటి ధర్మపురిలో 9వ శతాబ్ది చివర జైన బసది ఉండేదని నొళంబ మహేంద్రుని కాలపు శాసనం తెలుపుతుంది. ఆ నొళంబుల రాజధాని హేమావతి పూర్వపు అనంతపురం జిల్లాలోనిదే కాబట్టి, నేడు రెండు రాష్ట్రాలుగా కనిపించే ఈ నేల అప్పట్లో ఒకే ఏలుబడిలో, ఒకే విద్యా సంప్రదాయపు నీడలో ఉండేదని అర్థం చేసుకోవచ్చు.

పద్యంలో అంకెలు అంకెలుగా రావు, వస్తువుల పేర్లుగా వస్తాయి. దీన్నే భూతసంఖ్యా పద్ధతి అంటారు. ఆకాశం శూన్యం కాబట్టి సున్న, చంద్రుడు ఒక్కడే కాబట్టి ఒకటి, అగ్నులు మూడు, వేదాలూ సముద్రాలూ బ్రహ్మ ముఖాలూ నాలుగు, మన్మథుని బాణాలు అయిదు, తర్కాలు ఆరు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. అంకెల నడక కుడి నుంచి ఎడమకు సాగుతుంది కనుక పద్యంలో మొదట వినిపించే మాట ఒకట్ల స్థానానిది, చివర వినిపించేది అన్నిటికన్న పెద్ద స్థానానిది. మల్లన సంఖ్యలో నాలుగు అనే అంకె నాలుగు చోట్ల ఉంది. అందుకు కవి సముద్రాన్ని రెండు వేర్వేరు పేర్లతో, వేదాన్ని ఒకసారి, బ్రహ్మ ముఖాన్ని ఒకసారి వాడుకున్నాడు. మూడు చోట్ల వచ్చే ఏడుకు కొండకున్న మూడు పేర్లు వాడాడు. గురువు కావలసిన చోట గురువుతో మొదలయ్యే పేరును, లఘువులు కావలసిన చోట లఘువుల పేరును ఎంచుకుంటూ, మొదటి రెండు పాదాలు నిండి మూడో పాదం మొదట్లో ముగిసేలా ఇరవై అంకెలనూ సర్దిన తీరులో గణితజ్ఞుని జాగ్రత్త, కవి చెవి రెండూ కనిపిస్తాయి. సున్న నుంచి తొమ్మిది దాకా ఉన్న పది అంకెలలో ఈ సంఖ్యలో కనిపించనిది ఒక్క రెండు మాత్రమే. కేవలం రెండును రెట్టించి పుట్టించిన సంఖ్యలో రెండు అనే అంకె ఒక్కచోటా లేకపోవడం యాదృచ్ఛికమే అయినా ముచ్చట గొలిపే విశేషం.

మహావీరుడు ఇరవై నాలుగు స్థానాలకు పేర్లు పెట్టాడు. ఏక, దశ, శతాలతో మొదలై కోటి, అర్బుదం, ఖర్వం, పద్మం, క్షోణి, శంఖం మీదుగా క్షోభ, మహాక్షోభల దాకా సాగే ఆ వరుసలో ఇరవయ్యోది మహాశంఖం. మల్లన సంఖ్యలో ఎడమ కొసనున్న ఒకటి ఆ మహాశంఖ స్థానంలో కూర్చుంటుంది. నేటి వాడుకలో చెప్పాలంటే ఈ సంఖ్య లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లకు పైచిలుకు.

ఇంత పెద్ద మొత్తాన్ని గడి గడికీ కూడుతూ పోనవసరం లేదు. ఏ గడి దగ్గర ఆగినా అప్పటిదాకా వచ్చిన మొత్తం తరువాతి గడిలో పెట్టవలసిన దానికన్న ఒకటి తక్కువగా ఉంటుంది: 1, 2, 4 కలిస్తే 7, తరువాతి గడిలో 8, 1, 2, 4, 8 కలిస్తే 15, తరువాతి గడిలో 16. కాబట్టి అరవై నాలుగు గళ్ల మొత్తం కావాలంటే, లేని అరవై అయిదో గడిలో ఉండవలసిన సంఖ్యను కనుక్కొని ఒకటి తీసివేస్తే చాలు. ఆ సంఖ్య రెండును అరవై నాలుగు సార్లు హెచ్చవేసినది, అంటే 2⁶⁴. దాన్ని చేరడానికి ఛందశ్శాస్త్రకర్త పింగళుడు క్రీస్తుకు పూర్వపు శతాబ్దాలలోనే దగ్గరి దారి చూపాడు: ఘాతాంకాన్ని సగం చేయగలిగిన ప్రతిసారీ ఒక వర్గం, సగం చేయలేని ప్రతిసారీ ఒక రెట్టింపు. 64 ఆరు సార్లు సగమై ఒకటికి చేరుతుంది కనుక, రెండును ఆరు సార్లు వర్గం చేస్తే పని పూర్తవుతుంది: 2, 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616. ఆరు గుణకారాలతో ముగిసే లెక్క ఇది. చివరిది తప్ప తక్కినవి బడి పిల్లలు కూడా పలక మీద చేయగలిగినవే.

ధర్మపురి జిల్లా మెట్టపొలాలలో పండే రాగి గింజను కొలమానంగా తీసుకుంటే ఈ పెరుగుదల కంటికి కనిపిస్తుంది. వేయి రాగి గింజల బరువు సుమారు రెండున్నర గ్రాములు. పలక మీది మొదటి వరుస, అంటే ఎనిమిది గళ్లు, నిండేసరికి 255 గింజలు, ఒక చిటికెడు కూడా కావు. రెండో వరుస చివర 65535 గింజలు, ఇంచుమించు నూట అరవై నాలుగు గ్రాములు, ఒక పూట సంకటికి సరిపోయేంత. మూడో వరుస చివర నలభై రెండు కిలోలు, మూట కట్టి ఒక మనిషి మోయదగినంత. నాలుగో వరుస ముగిసేసరికి దాదాపు పదకొండు టన్నులు, ఒక లారీ లోడు. సగం పలక ఇంకా ఖాళీగానే ఉంటుంది. ఆ సగమూ నిండితే వచ్చేది సుమారు 4,600 కోట్ల టన్నులు. సగం పలకకు లారీ చాలినా, తక్కిన సగానికి భూమి మీది ధాన్యమంతా చాలకపోవడానికి కారణం, రెండో సగం మొదటి సగానికి 4294967296 రెట్లు కావడమే.

ఇక ఛందస్సు వైపు. పాదంలోని ప్రతి అక్షరం గురువో లఘువో అయి తీరాలి కాబట్టి, ఒక అక్షరపు పాదానికి రెండు వృత్తాలు, రెండు అక్షరాలకు నాలుగు, మూడు అక్షరాలకు ఎనిమిది పుడతాయి. ఎనిమిది గణాల లెక్క ఇదే. ఇరవై ఆరు అక్షరాల ఉత్కృతి ఛందానికి 67108864 వృత్తాలు. ఈ వృత్తాలన్నిటినీ సర్వగురువుతో మొదలుపెట్టి సర్వలఘువుతో ముగించి వరుసగా రాయడం ప్రస్తారం. ఇచ్చిన వృత్తం ఆ వరుసలో ఎన్నోదో చెప్పడం ఉద్దిష్టం. ఉద్దిష్టానికి పాదంలోని అక్షరాల మీద ఎడమ నుంచి 1, 2, 4, 8, 16 అని రెట్టిస్తూ అంకెలు వేసి, లఘువుల మీద పడిన వాటిని మాత్రమే కూడి, ఒకటి కలపాలి. గురువును సున్నగా, లఘువును ఒకటిగా భావిస్తే ఇది ద్విసంఖ్యామానం, అంటే సున్న, ఒకటి అనే రెండే అంకెలతో సంఖ్యలను రాసే పద్ధతి. మల్లన ఎంచుకున్న చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలు. ఇరవై ఒక్క అక్షరాలపై అంకెలు వేసి లఘువుల మీద ఉన్నవాటిని కూడితే 711599 వస్తుంది. ఒకటి కలిపితే 711600. లాక్షణికులు ప్రకృతి ఛందంలోని 2097152 వృత్తాలలో చంపకమాలకు ఇచ్చిన స్థానం సరిగ్గా అదే.

ఇప్పుడు అరవై నాలుగు అక్షరాల పాదం ఒకటి ఉందనుకొంటే, దాని అక్షరాల మీద ఉద్దిష్టం కోసం వేయవలసిన అంకెలు చదరంగపు గళ్లలో పెట్టవలసిన గింజలే. అన్నీ లఘువులైతే అన్ని అంకెలనూ కూడాలి, ఆ కూడికే 18446744073709551615. ఇరవై ఆరు అక్షరాలు దాటిన పాదాలను లాక్షణికులు ఉద్ధురమాలా వృత్తాలని వేరు చేశారు కనుక అటువంటి పాదం ఊహకు అందనిదేమీ కాదు. మల్లన ఈ పోలికను చెప్పలేదు. కాని ప్రస్తారం తెలిసిన కవి చేతిలో, గురులఘువుల లెక్కతో నడిచే పద్యంలో, ఈ సంఖ్య ఒదిగిందన్న విషయం గుర్తించినప్పుడు, పద్యానికీ అందులోని అర్థానికీ ఉన్న బంధుత్వం ఎంత దగ్గరిదో తెలుస్తుంది. మహావీరుడు కొన్ని లబ్ధాలను కంఠహారాలతో పోల్చాడు. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్ల హారం 111111111, 27994681ని 441తో గుణిస్తే అటునుంచీ ఇటునుంచీ ఒకేలా చదవబడే 12345654321 వస్తాయి. మల్లన సంఖ్య పదుల స్థానాలలో ఏ హారమూ కాదు. ద్విసంఖ్యామానంలో రాస్తే అరవై నాలుగు ఒకట్లు వరుసగా కూర్చిన, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే హారమవుతుంది.

వ్రాతప్రతుల మీదుగా వందల ఏళ్లు ప్రయాణించిన ఇరవై అంకెల సంఖ్య చెడకుండా నిలవడం చిన్న సంగతి కాదు. ఒక మాట జారిపోతే గణం తప్పుతుంది కనుక ఛందస్సే మొదటి కాపలాదారు. కాని వేదం ఉన్న చోట లేఖకుడు పొరపాటున బాణం అని రాస్తే గురువు గురువుగానే, లఘువు లఘువుగానే ఉండి, నాలుగు అయిదైపోతుంది. ఆ తప్పును పట్టేది నవశేష పరీక్ష, అంటే అంకెలను కూడి తొమ్మిదితో భాగించి శేషం చూడడం. ఈ సంఖ్యలోని అంకెల మొత్తం 87, శేషం 6. 2⁶⁴ను తొమ్మిదితో భాగిస్తే 7 మిగలాలి, ఒకటి తీస్తే 6, సరిపోయింది. పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే నవశేషం మారదు కాబట్టి, అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడుతూ తీసివేస్తూ పదకొండుతో పరీక్షించాలి. కుడి నుంచి అలా లెక్కిస్తే 37, పదకొండుతో భాగిస్తే శేషం 4. 2⁶⁴ శేషం 5, ఒకటి తీస్తే 4. రెండు పరీక్షలకూ నిలిచిన ఈ సంఖ్య, పద్యంలో ఒక్క అంకె కూడా తప్పకుండా నేటి దాకా చేరింది. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన గ్రంథంలో చదరంగపు లెక్కకు ఇచ్చిన విలువ కూడా ఇదే.

సంఖ్యను వర్గీకరించడంలో మొదటి మెట్టు అది ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా అని తేల్చడం. ఒకటి కన్న పెద్ద సంఖ్యలలో ఒకటితో, తనతో తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగించబడనిది ప్రధాన సంఖ్య, తక్కినవి సంయుక్తాలు. మల్లన సంఖ్య అయిదుతో ముగుస్తుంది కనుక సంయుక్తమని చూడగానే చెప్పవచ్చు. అంకెల మొత్తం 87 మూడుతో భాగింపబడి తొమ్మిదితో భాగింపబడదు కనుక మూడు ఒక్కసారే కారణాంకమని కూడా వెంటనే తెలుస్తుంది. ఆపైన విడదీయడానికి బడిలో నేర్పే వర్గాల భేద సూత్రం చాలు. 2⁶⁴ − 1 అనేది 2³² − 1, 2³² + 1 ల లబ్ధం. మొదటిదాన్ని మళ్లీ అలాగే విడదీసుకుంటూ వెళితే చివరకు 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు గుణకాలు మిగులుతాయి. పింగళుని ఆరు వర్గాల మెట్లలో ప్రతి మెట్టూ వెనుకకు దిగుతున్నప్పుడు ఒక్కొక్క కారణాంకాన్ని జారవిడిచినట్టు ఉంటుందన్నమాట.

ఈ ఆరూ యూరప్ గణిత చరిత్రలో ఫెర్మా సంఖ్యలుగా పేరొందినవి. ఇటువంటి సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దిలో పియెర్ ద ఫెర్మా నమ్మాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధానాలు. ఆరోదైన 4294967297 అటువంటిది కాదని, 641తో భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. ఈ విషయాన్ని పెద్ద భాగహారం లేకుండానే చూడవచ్చు. 641 అంటే 5 × 128 + 1, మరోలా చూస్తే 625 + 16. మొదటి రూపాన్ని బట్టి, 641తో భాగించేటప్పుడు 5 × 2⁷ శేషం −1 తో సమానం, కనుక దాని నాలుగో ఘాతమైన 625 × 2²⁸ శేషం 1. రెండో రూపాన్ని బట్టి 625 అన్న చోట −16 అని, అంటే −2⁴ అని రాయవచ్చు. అలా రాస్తే −2³² శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1 నిశ్శేషంగా భాగింపబడుతుంది. భాగఫలం 6700417, అదీ ప్రధాన సంఖ్యే. ఒకే సంఖ్యను రెండు విధాలుగా చూసి, రెండు చూపులనూ కలిపినంత మాత్రాన పదంకెల సంఖ్య విడిపోవడం గణితంలో అరుదుగా దొరికే అందం. మల్లన పద్యం చదువుకున్న తరాలు తమకు తెలియకుండానే ఫెర్మా నమ్మకాన్ని కూల్చే 641ని నోట పట్టుకొని తిరిగాయి.

కాబట్టి మల్లన సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాదు కనుక ఇది వర్గరహిత సంఖ్య, అంటే ఒకటి కన్న పెద్దదైన ఏ వర్గ సంఖ్యతోనూ భాగింపబడనిది. దీని భాజకాలను పొందాలంటే ఏడు ప్రధానాలలో ప్రతిదాన్నీ తీసుకోవాలి లేదా విడిచిపెట్టాలి. ఏడు చోట్ల రెండేసి అవకాశాలు, మొత్తం 128 భాజకాలు. ఏడక్షరాల ఉష్ణిక్ ఛందంలో 128 వృత్తాలు ఉండడానికి కారణం ఏదో, దీనికీ అదే కారణం.

ఇంత పెద్ద సంఖ్యకు 128 భాజకాలు చాలా తక్కువ. ఎంత తక్కువో తెలియడానికి శ్రీనివాస రామానుజన్ 1915లో ప్రకటించిన అత్యధిక సంయుక్త సంఖ్యల వ్యాసం వైపు చూడాలి. తనకన్న చిన్నదైన ఏ సంఖ్యకూ లేనన్ని భాజకాలు గలది అత్యధిక సంయుక్త సంఖ్య. రామానుజన్ ఇచ్చిన పట్టికలో చివరిదైన 6746328388800కు 10080 భాజకాలున్నాయి. మల్లన సంఖ్య దానికి ఇరవై ఏడు లక్షల రెట్లు పెద్దదై ఉండి కూడా భాజకాలలో దానికి సుమారు డెబ్భై తొమ్మిదో వంతు మాత్రమే. హొగెనక్కల్ వద్ద ధర్మపురి జిల్లాను తాకి పారే కావేరికి దిగువన ఉన్న ఈరోడ్‌లో 1887లో పుట్టిన రామానుజన్ వెతికినవి చిన్న చిన్న ప్రధానాలు కిక్కిరిసిన సంఖ్యలు. మల్లన సంఖ్యలో రెండూ లేదు, ఏడూ లేదు, పదకొండూ పదమూడూ లేవు. ఒకదానికొకటి దూరంగా నిలిచిన ఏడు ప్రధానాలు మాత్రమే ఉన్నాయి.

తనను విడిచి తక్కిన భాజకాలన్నిటినీ కూడినప్పుడు తనకు సమానమైతే పరిపూర్ణ సంఖ్య, ఎక్కువైతే అధిక సంఖ్య, తక్కువైతే న్యూన సంఖ్య. మల్లన సంఖ్యకు ఆ కూడిక తనలో డెబ్భై శాతం మాత్రమే కనుక ఇది న్యూన సంఖ్య. పరిపూర్ణతకు దగ్గరి బంధువు మాత్రం పక్కనే ఉంది. ఒకటి తక్కువైన రెండు ఘాతం ప్రధాన సంఖ్య అయితే దాన్ని మెర్సెన్ ప్రధానం అంటారు, దానినుంచి సరి పరిపూర్ణ సంఖ్య పుడుతుంది. ఘాతాంకం తానే సంయుక్తమైతే ఆ భాగ్యం ఉండదు, 64 సంయుక్తం. మూడు గళ్ల ముందు, అరవై ఒకటో గడి దగ్గర ఆగి ఉంటే వచ్చే మొత్తం 2305843009213693951 ప్రధాన సంఖ్యే అని 1883లో రష్యాకు చెందిన పెర్వుషిన్ అనే మతాచార్యుడు నిరూపించాడు. చదరంగపు పలకకు మూడు గళ్లు తక్కువైతే కథ వేరుగా ఉండేది.

జ్యామితిలో కూడా ఈ సంఖ్యకు ఒక సరిహద్దు ఉంది. స్కేలు, వృత్తలేఖిని తప్ప మరే పరికరమూ లేకుండా పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని 1796లో గౌస్ కనుగొన్నాడు. బేసి భుజాలు గల బహుభుజిని అలా గీయాలంటే భుజాల సంఖ్య, మళ్లీ మళ్లీ రాని ఫెర్మా ప్రధానాల లబ్ధమై ఉండాలి. తెలిసిన ఫెర్మా ప్రధానాలు అయిదే కనుక అటువంటి భుజ సంఖ్యలు ముప్పై ఒకటి, వాటిలో పెద్దది 4294967295, సరిగ్గా సగం పలక మొత్తం. పూర్తి పలక మొత్తంలో 641 దూరడంతో ఆ అర్హత పోతుంది.

ఇరుగుపొరుగును చూస్తే, ఈ సంఖ్యకు ఒకటి కలిపితే రెండు తప్ప వేరే ప్రధాన కారణాంకమే లేని 2⁶⁴ వస్తుంది. రెండు కలిపితే ఏడో ఫెర్మా సంఖ్య 18446744073709551617 వస్తుంది. అదీ సంయుక్తమే: 274177, 67280421310721 అనే రెండు ప్రధానాల లబ్ధం. ఈ కారణాంకాలను ఎనభై రెండేళ్ల వయసులో లాండ్రీ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 1880లో ప్రకటించాడు. మొదటి ఆరు ఫెర్మా సంఖ్యల లబ్ధానికి రెండు కలిపితే ఏడోది వస్తుంది కాబట్టి, మల్లన సంఖ్యకూ ఏడోదానికీ ఉమ్మడి భాజకం ఏదైనా ఉంటే అది రెండును కూడా భాగించాలి. రెండూ బేసి సంఖ్యలు కనుక అది అసాధ్యం. ఇరుగుపొరుగున ఉండి ఒక్క ప్రధానాన్నీ పంచుకోని సంఖ్యలివి.

1883లో ఎడ్వర్డ్ లూకా ప్రచారంలోకి తెచ్చిన బిళ్లల ఆటలోనూ ఈ సంఖ్యే పలుకుతుంది. కాశీలో అరవై నాలుగు బంగారు బిళ్లలను ఒక కమ్మీ నుంచి మరో కమ్మీకి మారుస్తున్నారని ఆ ఆటకు ఒక కథ కల్పించారు. అందుకు కావలసిన కదలికలు మల్లన చెప్పినన్ని. సెకనుకు ఒకటి చొప్పున కదిపినా 58,000 కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది.

నేటి కంప్యూటర్లలో అరవై నాలుగు బిట్లతో, అంటే సున్నగానో ఒకటిగానో నిలిచే అరవై నాలుగు చోట్లతో, రుణ గుర్తు లేకుండా దాచగలిగిన అతి పెద్ద పూర్ణసంఖ్య 18446744073709551615. అన్ని చోట్లా ఒకట్లు నిండిన స్థితి అది, ప్రస్తార పరిభాషలో సర్వలఘువు. దానికి మరో ఒకటి కలిపితే కుడి కొసన ఒకటి సున్నగా మారి పక్క స్థానానికి ఒకటిని అందిస్తుంది. అదీ సున్నయై మరో పక్కకు అందిస్తుంది. అలా అరవై నాలుగు చోట్ల మీదుగా ఆ ఒకటి నడిచి, నిలవడానికి అరవై అయిదో చోటు లేక రాలిపోతుంది. మిగిలినది అన్నీ సున్నలు, అంటే ప్రస్తారంలో మొట్టమొదట రాయవలసిన సర్వగురువు.